మెమరీ చాలదు

"చంపానని సంతకం పెట్టావు కదా. ఎలా చంపావో నా మొహం చూసి చెప్పు."

హోంసా తలెత్తలేదు. బల్ల మీద పెట్టుకున్న తన చేతులనే చూస్తున్నాడు. కుడిచేతి బొటనవేలి గోరు నల్లగా కమిలిపోయి ఉంది. మా కెప్టెన్ థిరాపట్ విచారణ పద్ధతి నాకు తెలుసు. రెండు ప్రశ్నలు నోటితో అడుగుతాడు, మూడోది బల్ల సొరుగుతో అడుగుతాడు.

కుర్రాడికి ఇరవయ్యారేళ్ళు. బర్మా నుంచి సరిహద్దు దాటి వచ్చిన మోన్ జాతి పిల్లాడు. చేపల మార్కెట్ వెనక అగ్గిపెట్టెంత షాపులో కంప్యూటర్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు. నోట్లో నాలుక లేనివాడు. ఇలాంటివాడు దొరికితే మా స్టేషన్‌లో కేసులు భోజనం వేళకే తేలిపోతాయి.

కేసు చిన్నదే. ఆదివారం మధ్యాహ్నం ఖ్లూన్ థోంగ్ రొయ్యల కోల్డ్ స్టోరేజీలో, నాలుగో నంబరు గదిలో, వాన్‌దీ అనే క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ గడ్డకట్టి చచ్చిపోయింది. మైనస్ ఇరవై అయిదు డిగ్రీల చలి. లోపల మనిషి చిక్కుకుపోతే నొక్కడానికి గోడకి ఎర్ర బటన్ ఉంది. అది నొక్కితే గార్డు గదిలో ఉన్న కంప్యూటర్ గంట మోగించాలి. వాన్‌దీ నొక్కింది. ఎన్నిసార్లు నొక్కిందో చెప్పడానికి సాక్షి లేడు గానీ, ఆమె బొటనవేలి చర్మం మాత్రం బటన్‌కి అంటుకుని అక్కడే ఉండిపోయింది. గంట మోగలేదు. ఎందుకంటే ఆ టైములో కంప్యూటర్ లేవకుండా పడి ఉంది. దాన్ని విప్పి ముందేసుకుని కూర్చున్నవాడు ఈ హోంసా.

కెలికి చెడగొట్టాడు, గంట చచ్చింది, గంట లేక మనిషి చచ్చింది. ఇదీ థిరాపట్ రాసిన కథ. సాయంత్రం నాలుగింటికి రిమాండ్. సంతకం పెట్టిన వాంగ్మూలంతో, లాయరు లేకుండా, బర్మా పేరుతో ఒకసారి జైలు గేటు లోపలికి వెళితే పదేళ్ళ దాకా వాడి మొహం ఎవరూ చూడరు. నేను వాడి ముందు కూర్చునేసరికి పన్నెండూ ఇరవై. నా చేతిలో నాలుగు గంటలు కూడా లేవు.

"ఆదివారం నీకు ఫోన్ ఎన్నింటికొచ్చింది?"

"రెండూ పదికి మేడమ్. గార్డు చోత్ బాబాయ్ చేశాడు. సిస్టమ్ లేవట్లేదురా, తెర మీద ఏదో ఇంగ్లీషు వచ్చి ఆగిపోయింది అన్నాడు. ఒక్కో అక్షరం చదివించుకున్నాను. మెమరీ చాలదు అని దానర్థం."

"అప్పుడు నువ్వెక్కడ?"

"షాపులోనే. పొద్దున పదింటినుంచీ కదల్లేదు. ఎదురుగా బంగారం కొట్టుంది, వాళ్ళ కెమెరా నా షాపు గుమ్మం మీదే ఉంటుంది."

"అక్కడికెప్పుడు చేరావు?"

"రెండూ యాభై."

"చేరి?"

"విప్పాను. లోపల రెండు ర్యాములున్నాయి, అవే మెమరీ పలకలు."

"ఆ సిస్టమ్ అంతకుముందెప్పుడైనా విప్పావా?"

"లేదు మేడమ్. అక్కడ ప్రింటర్లు మాత్రమే నా పని. ఆ ర్యాములు రెండూ అయిదొందల పన్నెండు ఎంబీలవే. ఇంతుండి కూడా చాలదంటుందేంట్రా బాబూ అని అనుమానం వచ్చింది. అందుకే మూడోది వెయ్యకముందు ఒకసారి అడిగాను."

"ఎవర్ని?"

హోంసా చేతులు బల్ల కిందికి వెళ్ళిపోయాయి. "నాకు పని నేర్పిన గురువుగార్ని. ఫోన్లో. మూడింటికి."

"ఏమన్నారు?"

"చాలదని అదే చెప్తోంది కదా నాయనా, ఇంకొకటి వెయ్యి అన్నారు. నేను తీసుకెళ్ళింది వేశాను. అయినా అదే మాట. మళ్ళీ ఫోన్ చేశాను. పాతవి కదపకు, కొత్త ర్యాము కాళ్ళు ఎరేజర్‌తో తుడిచి చూడు, దాన్నే ఖాళీ స్లాట్లు మార్చి చూడు, ఓపిక పట్టు, వదిలెయ్యకు అన్నారు. నాలుగూ ఇరవై దాకా వదల్లేదు మేడమ్." వాడు కమిలిన గోరు నొక్కుకున్నాడు. "గోడకి అవతలే ఉంది ఆవిడ. ఇరవై అడుగులుంటుందేమో. నేనక్కడ స్క్రూలు తిప్పుకుంటూ, ఎండగా ఉందని ఫ్యాన్ నా వైపు తిప్పుకున్నాను."

డాక్టరు లెక్క ప్రకారం వాన్‌దీ నాలుగింటిదాకా బతికే ఉంది. ఆ సంగతి వాడికి థిరాపట్ చెప్పాడు. సంతకం చేయించింది సొరుగు కాదు, ఆ మాట.

"గురువు పేరు చెప్పు."

"చెప్పను మేడమ్."

"ఏం?"

"లాకప్‌లో కూర్చుని గురువు పేరెత్తకూడదు. ప్రతి ఏడూ పూలు పెట్టి మొక్కిన పాదాలు అవి. ఆ పేరు ఈ గదిలో పలికితే నేర్చుకున్న పని చేతుల్లోంచి పోతుంది."

"పదేళ్ళు లోపలుంటే పని ఎవడిక్కావాలిరా? నీ ఫోనేది?"

"కెప్టెన్ సార్ బూటు కింద నలిగిపోయింది."

కొట్టబుద్ధేసింది. ఇద్దర్నీ. ఫోన్ కంపెనీవాళ్ళ నుంచి కాల్స్ జాబితా రావడానికి రెండు రోజులు పడుతుంది, నాకున్నవి మూడున్నర గంటలు. ఆ గురువూ వీడిలాగే పని తెలియని మొద్దు అయ్యుంటాడనుకుని ఆ సంగతి అక్కడికి వదిలేశాను. నా ముప్ఫై ఏళ్ళ నౌకరీలో చేసిన తప్పుల్లో ఇది మొదటి వరసలో ఉంటుంది.

బయట వరండాలో బెంచీ మీద ఖ్లూన్ థోంగ్ యజమాని భార్య కూర్చుని ఉంది. జే హుయ్. నలభై అయిదేళ్ళుంటాయి. ఒళ్ళో జామీను కాగితాలు, పక్కన అన్నం గంజి ఫ్లాస్కు. నన్ను చూడగానే లేచి చేతులు జోడించింది.

"భోంచేశారా అక్కా? ఇంత గంజి తాగండి. పిల్లాడికని తెచ్చాను, వాళ్ళు లోపలికి వెళ్ళనివ్వట్లేదు. మా కంపెనీలో పని చేసిన పాపానికి వాడు లోపల ఉన్నాడు. నా పూచీ మీద వదిలితే నేనే చూసుకుంటాను."

గిన్నెలో పోసిచ్చింది. తాగాను. పైన వేయించిన వెల్లుల్లి కూడా వేసింది. ఈ ఊళ్ళో కాస్త గుండె ఉన్న మనిషి ఈవిడొకతే అనుకున్నాను.

థిరాపట్ అప్పుడే మెట్లు దిగుతున్నాడు. నాకంటే పదిహేడేళ్ళు చిన్న, హోదాలో ఒక మెట్టు పైన. మామ పెద్ద పదవిలో ఉంటే మెట్లు అలాగే ఉంటాయి.

"ఏంటక్కా, నా ఖైదీతో కబుర్లా? వాడు ఏడ్చాడా?"

"ఏడ్చాడు తమ్ముడూ. నీ సొరుగు కూడా ఏడుస్తోంది, కాస్త నూనె వెయ్యి. ఆ కంప్యూటర్ ఏది? మన స్టోర్‌లో లేదు."

"తిరిగిచ్చేశాను. వేలిముద్రలు తీసుకున్నాం, ఫొటోలు తీసుకున్నాం. చావు చూసిన వస్తువు కంపెనీలో ఎందుకని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తున్నారు. అయిదింటికి వాడొస్తాడు."

"కేసు సామాను నువ్వెలా వదిలేశావు?"

"వాంగ్మూలం ఉన్న కేసులో సామాను ఎందుకక్కా? నువ్వు టైపురైటర్ కాలం మనిషివి. నీకు కంప్యూటర్ల గురించి ఏం తెలుసని?"

"తెలియకే చూద్దామని. నువ్వూ రా. నేను ఓడిపోతే చూసి నవ్వడానికి ఒకడుండాలిగా."

నవ్వే అవకాశం వదులుకునే రకం కాదు. వచ్చాడు.

ఒంటిగంటా నలభైకి కోల్డ్ స్టోరేజీలో ఉన్నాం. ముందు నాలుగో గది చూశాను. తలుపు లోపలి వైపు, చిక్కుకున్నవాళ్ళు తిప్పి బయటపడే పిడి ఉండాలి. లేదు. అది బిగించే బోల్టు మాత్రం మిగిలి ఉంది.

"వారం నుంచి లేదట. తుప్పు పట్టి రాలిపోయింది," అన్నాడు థిరాపట్.

"తుప్పు పట్టి రాలితే బోల్టుకి తుప్పుండాలి. ఇది చూడు, కొత్త చెంచాలా మెరుస్తోంది. వారం కాదు, మూడు రోజులు కూడా కాలేదు దీన్ని విప్పి."

"నీ కళ్ళద్దాలు మార్చాలక్కా."

బటన్ చుట్టూ ఇంకా మంచు పేరుకుని ఉంది. దాని మీద ఎవరో గుడ్డతో తుడిచారు గానీ గీతల్లో ఎర్రగా మిగిలింది. నేను అక్కడ నిలబడింది రెండు నిమిషాలు. వేళ్ళు కొంకర్లు పోయాయి. వాన్‌దీ మూడు గంటలు నిలబడింది.

గార్డు గదిలో కంప్యూటర్ మూతతీసి బల్ల మీదే ఉంది, సంతకి తెచ్చిన మేకలా. తొంభై ఎనిమిదో సంవత్సరపు విండోస్‌తో నడిచే పాతకాలపు డబ్బా. గదుల టెంపరేచర్లు నిమిషానికోసారి రాసుకుంటుంది, ఏ తలుపు ఎప్పుడు తెరిచారో ఎప్పుడు మూశారో రాసుకుంటుంది, గంట మోగిస్తుంది. గార్డు చోత్, అరవైకి దగ్గరపడ్డ మనిషి, మూల నిలబడి టోపీ నలుపుకుంటున్నాడు.

లోపల మూడు ర్యాములు. ఒక్కోటీ అయిదొందల పన్నెండు.

"తమ్ముడూ, కంప్యూటర్లు తెలిసినవాడివి కదా, నాకు చెప్పు. మొదటిదాని మీద దుమ్ము మందంగా ఉంది, కాళ్ళు పచ్చగా చిలుం పట్టాయి. ఈ ఉప్పుగాలికి ఏళ్ళ తరబడి ఇక్కడే ఉన్నట్టు. అవునా?"

"అవును."

"మూడోదాని మీద హోంసా షాపు స్టిక్కరుంది, పోయిన నెల తారీఖు. దాని మీద వాడి వేలిముద్రలు దొరికాయి. మరి మధ్యది?"

"అదీ వాడిదే. రెండు తెచ్చి రెండు వేశాడు."

"దాని మీద స్టిక్కరేది? నువ్వు పౌడర్ చల్లావుగా, ముద్రలేవి?"

"లేవు."

"అంటే చెమట చేతులతో ఒకదాన్ని పట్టుకున్నవాడు, రెండోదాన్ని మాత్రం పెళ్ళికూతురిలా తుడిచి కూర్చోబెట్టాడా?"

థిరాపట్ పళ్ళికిలించాడు. "సరే, వాడిది కాదనుకో. ఎవడో వేశాడనుకో. అయితే ఏంటక్కా? మెమరీ వెయ్యడం నేరమా? ఎక్కువైన కొద్దీ సిస్టమ్ బాగా నడుస్తుంది. మెమరీ చాలదని చచ్చిన కంప్యూటర్‌కి మెమరీ వేసినవాడు హంతకుడెలా అవుతాడు? అన్నం పెట్టి ఆకలితో చంపాడంటావా?"

"అదే అంటాను. ప్లగ్ పెట్టు."

మూడిటితో పెట్టాం. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వచ్చి ఆగిపోయాయి. మెమరీ చాలదు.

హోంసా స్టిక్కరున్నది తీసేశాను. మళ్ళీ అదే. థిరాపట్ గడియారం చూసుకున్నాడు. "రెండూ ఇరవై అయింది. ఇంక నవ్వనా?"

"ఒక్క నిమిషం ఆగి నవ్వు."

మూడేళ్ళ కిందట పైఆఫీసువాళ్ళు దయతలచి మా స్టేషన్ పాత కంప్యూటర్లకి పెద్ద పెద్ద ర్యాములు పంపారు. వేసిన రోజు నుంచి ఒక్కటీ లేవలేదు, మెమరీ చాలదని ఒకటే గోల. ఇంకా పంపండని మేము ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాం. చివరికి మా ముసలి రైటర్ విసుగొచ్చి వచ్చినవన్నీ ఊడబెరికాడు, లేచాయి. ఆ పాత విండోస్‌కి అయిదొందల పన్నెండు దాటితే అరగదని అప్పుడు చెప్పాడు. ఎంత మెమరీ కనిపిస్తే అంతకు తగ్గ వాటా తను దాచుకోవడానికి ముందే పక్కన పెట్టేసుకుంటుందట. కొలత మించితే, వంటింటి నిండా గుండిగలు పేర్చుకుని పొయ్యి వెలిగించడానికి చోటు లేదన్నట్టు, ఎక్కువై చాలదంటుంది.

మధ్య ర్యామ్‌ని జేబురుమాలుతో పట్టుకుని ఊడదీశాను. దుమ్ము పట్టిన పాతదొక్కటే మిగిలింది.

కంప్యూటర్ గుర్రుమంది. నీలాకాశం, తెల్ల మబ్బులు, విండోస్ బొమ్మ. తరవాత గదుల పట్టిక పచ్చగా వెలిగింది. మూల నుంచి చోత్ "అమ్మో" అన్నాడు.

థిరాపట్ మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకు సంతోషం వెయ్యలేదని చెప్తే అబద్ధం. ముసలిదాన్నని మూడేళ్ళుగా నవ్వుతున్న మొహం అది. ఇంకాస్త నలిపాను.

"హోంసా వచ్చేముందే ఎవరో రెండోది దూర్చి దీన్ని పడుకోబెట్టారు తమ్ముడూ. విరగ్గొడితే విరగ్గొట్టారని తెలుస్తుంది. వైరు కోస్తే కోశారని తెలుస్తుంది. ఎక్కువ పెడితే ఎవడు అనుమానిస్తాడు? కుర్రాడు వచ్చి చాలదంటే ఇంకొంచెం పెట్టాడు. గోరుచుట్టు మీద రోకటి పోటు. ఇప్పుడిది ఏం రాసుకుందో చదువు. పైకి చదువు, నాకు కళ్ళద్దాలు సరిగ్గా లేవు."

చదివాడు. ఆదివారం పన్నెండూ నలభై ఆరు, నాలుగో గది తలుపు తెరిచారు. నలభై ఏడు, మూశారు. నలభై తొమ్మిది, ఈ బల్ల మీద నుంచే సిస్టమ్‌ని పద్ధతిగా ఆపేశారు. తరవాత అంతా ఖాళీ.

"ఆ నిమిషానికి హోంసా బంగారం కొట్టు కెమెరా ముందు ఉన్నాడు. ఇంకా వెనక్కి పో, ఆ గదిలో అంతకుముందేం జరిగిందో చూద్దాం."

అంతకుముందు బుధవారం పొద్దున నుంచి నాలుగో గది ప్లస్ ఆరు డిగ్రీలు. తొమ్మిది గంటల పాటు. గదినిండా రొయ్యలు కరిగి, కుళ్ళి, మళ్ళీ గడ్డకట్టాయి. సరుకు పారబోయించే అధికారం ఒక్క క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ వాన్‌దీకే ఉంది. ఈ రికార్డు చెరిపితే చెరిపినట్టు ఇందులోనే రాసి ఉంటుంది. అందుకే చెరపలేదు. డబ్బాని పడుకోబెట్టి పాత సామాన్లవాడికి అప్పగిస్తున్నారు.

థిరాపట్ ఫోన్ తీసుకుని బయటికి వెళ్ళాడు. మామకి చేసుకుంటున్నాడులే అనుకున్నాను. నేను చోత్ వైపు తిరిగాను.

"బాబాయ్, మొన్న పోలీసులకి ఏం చెప్పావు? భోజనం కూడా ఈ కుర్చీలోనే చేశాను, కదల్లేదు అన్నావు."

"అవునమ్మా."

"పన్నెండూ నలభై తొమ్మిదికి ఈ సిస్టమ్ ఆపింది నీ చెయ్యే అన్నమాట. ఆ పిల్లని లోపల పెట్టి తలుపు మూసిందీ నువ్వే."

"అయ్యో, నేనా? నా తల్లి మీద ఒట్టమ్మా..."

"మీ అమ్మ సాక్ష్యం కోర్టులో చెల్లదు. కుర్చీలో నువ్వు లేకపోతే ఎవరున్నారు?"

చోత్ టోపీని ఇంకా గట్టిగా నలిపాడు. ముసలివాడి మీద నాకు జాలి లేదనుకోకండి. ఉంది. జాలిపడుతూ కూర్చుంటే నాలుగవుతుంది.

"చూడు బాబాయ్. లోపల హోంసా ఖాళీ చేస్తే ఆ లాకప్‌లో చోటు ఖాళీగా ఉండదు. నీకు దుప్పటి కావాలో వద్దో ఇప్పుడే చెప్పు."

వాడి చేతిలో టోపీ కింద పడింది. "మా అమ్మాయి కూడా ఇక్కడే పని చేస్తోందమ్మా. ఈ వయసులో మమ్మల్ని గెంటేస్తే ఎక్కడికి పోతాం? అందుకే చెప్పలేదు. పన్నెండున్నరకి అమ్మగారొచ్చారు. క్యాంటీన్లో నీకు పడవ నూడుల్స్ పెట్టించాను, వేడిగా తినిరా చోత్, అప్పటిదాకా నేను కూర్చుంటాలే అన్నారు. ఒంటిగంటకి తిరిగొచ్చాను. సిస్టమ్ వేడెక్కింది, ఆపాను, రెండు దాటాక వెయ్యి, లేవకపోతే హోంసాకి ఫోన్ చెయ్యి అన్నారు. అలాగే చేశాను."

"ఏ అమ్మగారు?"

"ఒక్కరే కదమ్మా. జే హుయ్ అమ్మగారు. ఆదివారం పూట వాన్‌దీని పనికి పిలిపించింది కూడా ఆవిడే."

నా నోట్లో ఇంకా వెల్లుల్లి రుచి ఉంది.

"ఆవిడకి ర్యాముల గురించి ఏం తెలుసు బాబాయ్?"

"అదేంటమ్మా అలా అడుగుతారు? ఈ సిస్టమ్ ఆరేళ్ళ కిందట ఆవిడే బిగించింది. పెళ్ళికి ముందు బ్యాంకాక్‌లో కంప్యూటర్ల బజారులో ర్యాములమ్మేది. పెద్ద పేరు. హోంసాని పద్నాలుగేళ్ళప్పుడు చేరదీసింది, పని నేర్పి షాపు పెట్టించింది. వాడు ప్రతి ఏడూ పూలూ అగరొత్తులూ పట్టుకొచ్చి ఆవిడ కాళ్ళకి మొక్కుతాడు."

అప్పటికి గాని నా బుర్రకి ఎక్కలేదు. ఆ రోజుల్లో ర్యాములమ్మిన మనిషికి అయిదొందల పన్నెండు దాటకూడదని తెలియకుండా ఉండదు. కుర్రాడు సరిగ్గానే అనుమానించాడు. ఇంతుండి చాలదంటుందేంటని అడిగాడు. ఒక్కటి తియ్యి నాయనా అంటే మూడూ అయిదుకి గంట మోగేది, వాన్‌దీ కాలివేళ్ళు పోగొట్టుకుని బతికేది. ఆవిడ వెయ్యమంది. వేసినవాడి వేలిముద్రలు పడతాయని వెయ్యమంది. తుడవమంది, మార్చమంది, ఓపిక పట్టమంది. గోడవతల మనిషి చచ్చేదాకా తను పెంచిన పిల్లాడితోనే కాలక్షేపం చేయించింది.

థిరాపట్ లోపలికొచ్చాడు. నవ్వుతున్నాడు.

"తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఒప్పుకుంటున్నానక్కా. ఆ కుర్రాడు అమాయకుడు, సరేనా? స్టేషన్‌కి చెప్పేశాను, వదిలేశారు. రేపు నామీద రిపోర్టు రాయకు మరి."

"ఎవరికి వదిలేశారు?"

"పూచీ ఇచ్చేవాళ్ళు పొద్దుటినుంచీ వరండాలోనే ఉన్నారుగా. ఆవిడ కారెక్కించుకుని తీసుకెళ్ళింది. అయిదు నిమిషాలయింది."

"దొంగ చేతికే తాళాలిచ్చావు కదరా దరిద్రుడా!"

వాడి మొహంలో నవ్వు అలాగే నిలిచిపోయింది. తప్పు వాడిదొక్కడిదే కాదు. హోంసా నిర్దోషి అని నిరూపించిందాన్ని నేను, నిరూపించి తాంబూలంలో పెట్టి అందించాను. రిమాండ్‌కి వెళ్ళినా బతికుండేవాడు. ఇప్పుడు ఆ ఫోన్లో ఏం మాట్లాడారో తెలిసిన మనిషి ఈ భూమ్మీద వాడొక్కడే. వాడు ఆవిడ పక్కసీట్లో ఉన్నాడు.

గార్డు గది గోడ మీద నంబర్ల కాగితం అంటించి ఉంది. జే హుయ్ నంబరు అన్నిటికంటే పైనుంది. కొట్టాను. నాలుగోసారి మోగాక ఎత్తారు. కారు శబ్దం, ఏసీ గాలి. నేనెవరో చెప్పాను.

"హలో మేడమ్!" హోంసా గొంతు. మూడు రోజుల్లో మొదటిసారి ఆ గొంతులో ప్రాణం ఉంది. "గురువుగారు డ్రైవింగ్‌లో ఉన్నారు, స్పీకర్ పెట్టాను. మీరు చెప్పబట్టే వదిలారట కదా. మీ మేలు మర్చిపోను."

గురువుగారు. లాకప్ దాటాడు కదా, ఇప్పుడు ఆ మాట అనొచ్చు.

"ఎక్కడున్నారు?" మామూలుగా అడగడానికి నా చేతనైనంత ప్రయత్నం చేశాను.

"రేవుకి వెళ్తున్నాం మేడమ్. అక్కడినుంచి పడవలో అవతలి ఒడ్డుకి. గురువుగారికి తోట ఉంది, నాలుగు రోజులు ఎవరి కంటా పడకుండా అక్కడుండు అంటున్నారు."

చోత్ రిజిస్టర్ లాక్కుని వెనక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాశాను: రేవు. కారు ఆపించు. థిరాపట్ వైపు తిప్పాను. వాడు చదివాడు. నోరు తెరుచుకుని నన్ను చూస్తున్నాడు. కాలు మీద తన్నాను. అప్పుడు కదిలాడు.

"మేడమ్, ఒకటి అడగనా?" హోంసా గొంతు మెల్లగా అయింది. "మీరు ఆ సిస్టమ్ దగ్గరికి వెళ్ళారని స్టేషన్లో అన్నారు. అది... లేచిందా? ఎన్నిటితో లేచింది?"

నాకు జవాబు తెలుసు. ఒక్కదానితో అని చెప్తే వీడికి అన్నీ అర్థమైపోతాయి. పని తెలిసినవాడు, ఒక్క క్షణం పట్టదు. పక్కకి తిరిగి, గురువుగారూ మీరెందుకు వెయ్యమన్నారు అని అడుగుతాడు. అడిగాక రేవు దాకా కూడా బతకనివ్వదు. చెప్పకపోతే, వాన్‌దీని తన చేతులే చంపాయని నమ్మి, ఆ నమ్మకంతో ఇంకో పావుగంట బతుకుతాడు. నాకు ఆ పావుగంట కావాలి.

"లేవలేదు హోంసా. నువ్వు పెట్టిన దెబ్బకి అది పూర్తిగా చచ్చిపోయింది."

అవతల ఏడుపు. చిన్నపిల్లాడిలా, వెక్కిళ్ళు పెట్టి. "నేనే మేడమ్... నేనే కదా..."

"నీ చేతగానితనమే. ఏడు. ఏడుస్తూ ఉండు, ఫోన్ పెట్టెయ్యకు."

ఇంతకంటే హీనమైన మాట నా జీవితంలో ఎవరితోనూ అనలేదు. అంటూ తలుపు వైపు చూస్తున్నాను. థిరాపట్ వరండాలో వైర్‌లెస్‌లో అరుస్తున్నాడు, రేవు ఔట్‌పోస్ట్ జవాబివ్వట్లేదు.

ఏడుపు మధ్యలో ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. కారు వేగం తగ్గింది. జే హుయ్ గొంతు మెత్తగా, గంజి పోసిచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

"ఊరుకో నాయనా, ఊరుకో. అక్కా, ఒక్క సందేహం. అది లేవకపోతే, కుర్రాడు తప్పు చేయలేదని మీకెలా తెలిసింది? ఎందుకు వదిలేశారు?"

నేను జవాబు వెతుక్కునేలోపు ఫోన్ పెట్టేసింది.